ఏడాదికొకసారి పూసే వరుస

కుదురయ్య చేతులు అప్పటికే పక్కమొగ్గలు గిల్లుతున్నాయి. గులాబీ కొమ్మ చివర మూడు మొగ్గలు వస్తే నడిమిదాన్ని ఉంచి, అటూ ఇటూ ఉన్నవాటిని తీసేయాలి. తీస్తేనే మిగిలింది నిండుగా ఎదుగుతుంది. బొటనవేలి గోరు ఆనించి పక్కకు ఒక్క నెట్టు నెడితే చాలు, చప్పుడైనా లేకుండా ఊడివస్తుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చేతులు కనుక ఆయన చూపు ఎటు తిరిగినా అవి ఆగవు. ఆ ఉదయం మాత్రం ఆగాయి.

నడిమి మొగ్గను కప్పి ఉండే పచ్చటి రెప్పల సందులోంచి దారప్పోగంత రంగు కనిపించింది. పక్క కొమ్మ చూశాడు. అక్కడా అంతే. వరుస మొదటి నుంచి చివరిదాకా వంగి వంగి చూసుకుంటూ వెళ్ళి నడుం ఎత్తేసరికి ఒంటికి చెమట పట్టింది. ఆ చెమటే ఆయన్ని ఇంకా భయపెట్టింది. ఈ రోజుల్లో, ఇంత పొద్దున్నే, స్వెట్టరు లేకుండా నిలబడ్డ మనిషికి వణుకు రావాలి గాని చెమటేమిటి?

వసంతం వచ్చేసింది. చెప్పాపెట్టకుండా, బూట్లతో నట్టింట్లోకి వచ్చిన చుట్టంలా వచ్చేసింది.

కుదురయ్య అన్నది ఆయన అసలు పేరు కాదు. ఒకచోట కుదురుగా కూర్చోలేడు కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరు. టీ నిలబడే తాగుతాడు. జుట్టు కత్తిరించే అతను, "ఈయన తల పట్టుకోవడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి," అంటాడు. చలికాలంలో కాస్త నయం. నేల బోసిగా ఉంటుంది, పోయేదేమీ ఉండదు, రాత్రిళ్ళు నిద్ర పడుతుంది. కత్తెర పిడి పొద్దున పట్టుకుంటే చల్లగా తగలడం ఎప్పుడు మానుతుందో, షెడ్డు రేకులు వేడికి టిక్కుటిక్కుమనడం ఎప్పుడు మొదలుపెడతాయో, అప్పట్నుంచీ ఆయన కాలుగాలిన పిల్లి. లోకమంతా వసంతం వచ్చిందని కిటికీలు తెరుచుకుంటుంది. పూలరైతు పరుగు అందుకుంటాడు. ఒక్కో మొగ్గ ఒక్కో గడువు. ఏ మొగ్గా ఎవరి మాటా వినదు.

ఏటా ఉండే కంగారే అయితే ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈసారి వేరు. ఆ వరుస ఆయన చెల్లెలిది.

చాలా ఏళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేయడానికి ఒక పాత ఇంటి గోడ కూలుస్తుంటే, ఆ గోడకు పాకిన గులాబీ పొద నుంచి చెల్లెలు ఒక పుల్ల తెచ్చుకుంది. దాని మీది మొలక కన్ను కోసి, అడవి గులాబీ కాడ బెరడు కింద దూర్చి, అంటు కట్టింది. ఒకటి బతికింది. దాన్నుంచి ఇంకొన్ని. చివరికి ఒక వరుస అయింది. మీగడ రంగు పువ్వు, అంచున కొద్దిగా ఎరుపు. ఏడాదికి ఒక్కసారే, వసంతంలో ఒక్క వారం పూస్తుంది, మళ్ళీ ఏడాది దాకా ముళ్ళే. పూసిన మూడోనాడు రేకులు రాల్చేస్తుంది కాబట్టి మార్కెట్టులో దాన్ని అడిగేవాళ్ళు లేరు. "తిండి దండగ వరుస," అని కుదురయ్య విసుక్కునేవాడు. విసుక్కుంటూనే నీళ్ళు పెట్టేవాడు.

ఆ చెల్లెలికి ఇప్పుడు పెళ్ళి. నలభై దాటిన మనిషి, ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడమే మానేశాక, తమ పూలు మార్కెట్టుకు మోసే వ్యాను డ్రైవరును చేసుకుంటానని చలికాలంలో ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటూ చెప్పింది. అడిగింది ఒక్కటే. "నా వరుస పూలు కావాలన్నయ్యా. గుమ్మానికి, బల్ల మీదకి, నా చేతిలోకి. అంతే." ఆ పూలు ఏ రోజుల్లో పూస్తాయో లెక్క చూసుకునే హాలు మాట్లాడారు. "పూలు నా పూచీ," అన్నాడు కుదురయ్య. ఆ మాట ఆయన చెల్లెలికి ఇచ్చిన మొదటి కానుక. ఇప్పుడు చూస్తే, పెళ్ళినాటికి వరుసలో ఉత్త కాడలు మిగిలేలా ఉన్నాయి.

వంటింట్లో భార్య రొట్టెలు కాలుస్తోంది. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని చేతితొడుగు చిరుగు కుట్టుకుంటోంది.

"రంగు కనిపిస్తోంది," అన్నాడు గుమ్మంలోంచే.

"నాకు మట్టి కనిపిస్తోంది," అంది భార్య. "ముందు ఆ బూట్లు విప్పు."

"నేను చెప్పేది వినవేం? మొగ్గలు విచ్చుకుంటున్నాయి."

"మొగ్గలు విచ్చుకోక ముడుచుకుంటాయా?"

చెల్లెలు సూది ఆపింది. "ఎంత కనిపిస్తోందన్నయ్యా?"

"దారప్పోగంత."

"అయితే నాలుగైదు రోజులు ఆగుతాయి."

"పెళ్ళి వచ్చే వారం చివర్న."

"అదీ నిజమే," అని ఆమె మళ్ళీ కుట్టు మొదలుపెట్టింది. ఆ నెమ్మది చూసి కుదురయ్యకు ఒళ్ళు మండింది. పెళ్ళికూతురికి లేని దుగ్ధ తనకెందుకు? కాని ఆమె ఎప్పుడూ అంతే. వడగళ్ళు పడిన ఏడాది తను పొలంలో అటూ ఇటూ పరిగెడుతుంటే, ఆమె విరిగిన కొమ్మల్ని ఒక్కొక్కటీ ఏరి, అమ్మదగ్గవి వేరు చేసి కట్టలు కట్టింది. ఆమె కట్టలే ఆ నెల ఇల్లు నడిపాయి.

బయట వ్యాను హారను మోగింది. డ్రైవరు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అన్నా," అని నాలిక కరుచుకున్నాడు. "అదే, బావా. పెట్టెలు సిద్ధమా?"

"ఇన్నేళ్ళూ అన్నా అన్నావు," అన్నాడు కుదురయ్య. "నేను నీకు అన్ననైతే, నా చెల్లెలు నీకేమవుతుంది?"

"అందుకేగా మాట మార్చుకుంటున్నాను."

"తొందరగా మార్చుకో బాబూ," అంది భార్య పెనం మీంచి తల తిప్పకుండా. "హాల్లో పదిమందిలో అన్నా అన్నావంటే పెళ్ళి అక్కడే ఆగిపోతుంది."

చెల్లెలు తల వంచుకుని నవ్వింది. కుదురయ్యకు నవ్వు రాలేదు. పెట్టెలతో పాటు తనూ వ్యాను ఎక్కాడు. మొగ్గగా ఉండగానే కోసి కోల్డ్ స్టోరేజీలో పెట్టడం ఒక్కటే దారి అనుకున్నాడు.

దారి పొడుగునా చెట్లకు లేత చిగుళ్ళు. డ్రైవరు అద్దాలు దించి, మోచెయ్యి బయట పెట్టుకుని, "ఎంత బావుందో కదా బావా ఈ గాలి," అన్నాడు.

"బావుంది. బావుండడమే ఖర్మ."

కోల్డ్ స్టోరేజీ చూసుకునే ఆవిడ మందపాటి కోటు వేసుకుని తలుపు దగ్గరే కూర్చుని ఉంది. విషయం వినకముందే తల అడ్డంగా ఊపింది. "ఎండ మీ ఒక్కరి తోటలోనే కాసిందనుకున్నారా? అందరి పూలూ ఒక్కసారే వచ్చి పడ్డాయి. కావాలంటే చూసుకోండి."

తలుపు తీసి చూపించింది. పెట్టెల మీద పెట్టెలు, పైకప్పుదాకా. సూది మోపే సందు లేదు. కుదురయ్య అయినా ఒక మూల దాకా వెళ్ళి చేత్తో తట్టి చూశాడు.

"గోడలు జరగవండీ," అంది ఆవిడ. "మొన్న ఒకాయన నెట్టి చూశాడు."

మార్కెట్టులో పూలు దింపి తిరిగి వచ్చేటప్పుడు వ్యాను ఖాళీ పెట్టెలతో గలగలలాడింది. సగం దారిలో కుదురయ్య హఠాత్తుగా, "ఊలు," అన్నాడు.

"ఏంటి బావా?"

"మెత్తటి తెల్ల ఊలు కావాలి. బట్టల కొట్టు దగ్గర ఆపు."

అది ఆయన ఎవరి దగ్గరా నేర్చుకున్న విద్య కాదు. ఎప్పుడో ఒక పూల ప్రదర్శనలో ఒక ముసలి తోటమాలి గులాబీ నడుముకు ఊలు చుట్టి ఉంచడం దూరం నుంచి చూశాడు. ఇంటికొచ్చి పువ్వు తర్వాత పువ్వు పాడుచేసుకుని కిటుకు పట్టుకున్నాడు. మొగ్గ రేకులు వదులవుతున్న దశలో, లావుగా ఉన్నచోటికి కాస్త కింద ఊలు రెండు చుట్లు చుట్టి, ముడి వేయకుండా కొసలు మెలిపెట్టాలి. పువ్వు లోపల పెరుగుతుంది, బయటికి విచ్చుకోలేదు. అలా కొన్నాళ్ళు పట్టి ఉంచవచ్చు. అయితే ఒక్క షరతు. తడి మీద కట్టకూడదు. ఊలు తడిని పట్టి ఉంచుతుంది, రేకు కమిలిపోతుంది.

చెల్లెలు ఊలు ఉండను అరచేతిలో తూచినట్టు చూసింది. "కడదాం. రేపు వదినా నేనూ దర్జీ దగ్గరికి వెళ్ళాలి. మధ్యాహ్నానికి వచ్చేస్తాం. వచ్చాక ఇద్దరం కూర్చుని కడదాం. అప్పటికి మంచు పూర్తిగా ఆరుతుంది."

"మధ్యాహ్నానికి విచ్చుకుంటే?"

"విచ్చుకోవు."

"ఆలస్యం అమృతం విషం."

"నిదానమే ప్రధానం. నీకు సామెతలు కూడా తొందరవే గుర్తుంటాయి." తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "పైన ఆరితే చాలదన్నయ్యా. రేకుల మధ్య ఆరాలి. నాకు చెప్పింది నువ్వే."

మర్నాడు ఆడవాళ్ళిద్దరూ వెళ్ళాక కుదురయ్య వరుస దగ్గర నిలబడ్డాడు. షెడ్డుకు వెళ్ళి వచ్చాడు. మళ్ళీ నిలబడ్డాడు. ఎండ అప్పుడే గోడ దిగుతోంది. పక్క మడిలో, నిన్న మొగ్గలుగా ఉన్న గులాబీలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తేనెటీగలు వచ్చేశాయి. ఒక తేనెటీగ చెల్లెలి వరుస మీదుగా వెళ్తూ కాస్త ఆగింది. అంతే, ఆయన ఊలు ఉండ విప్పాడు.

జాగ్రత్త పడలేదని కాదు. ఒక్కో మొగ్గను వంచి దులిపాడు. నోటితో ఊదాడు. ఉతికిన చేతిరుమాలు అద్దాడు. వేలితో తడిమితే పొడిగానే ఉంది. రెండు చుట్లు, ఒక మెలిక. తర్వాతది. చేతులు పనిలో పడ్డాయి. ఆ వారం మొత్తంలో ఆయనకు హాయిగా అనిపించింది ఆ ఒక్క పూటే. ఆడవాళ్ళు వచ్చేసరికి వరుసంతా తెల్ల పట్టీలు కట్టుకుని నిలబడి ఉంది.

"కట్టేశావా?" అంది చెల్లెలు. "ఆరాయా మరి?"

"ఆరాయి."

ఆమె ఒక మొగ్గ దగ్గర వంగి మెలిక చూసింది. "చక్కగా కట్టావు," అని లేచింది.

ఆ తర్వాత రోజులు వేసవి రోజుల్లా మండాయి. కుదురయ్య మధ్యాహ్నాలు వరుస మీద నీడవల లాగేవాడు, సాయంత్రం తీసేవాడు, గాలి ఆడటం లేదేమోనని మధ్యలో లేచి వెళ్ళి ఒక పక్క ఎత్తేవాడు. అన్నం సగంలో లేచేవాడు. ఈ రుతువులో ఉన్న చిక్కే అది అనుకునేవాడు. చలికాలంలో ఏమీ ఉండదు కాబట్టి ఏమీ పోదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ఒక్క పూట తేడాలో అన్నీ పోతాయి. ఏడాదంతా దేనికోసం నడుం వంచుతాడో అది కళ్ళముందుకు వచ్చిన రోజునే దాన్ని తేరిపార చూడటానికి తీరిక ఉండదు.

"నువ్వు వాటి చుట్టూ ఇలా తిరిగితే అవి భయపడి విచ్చుకుంటాయి," అంది భార్య.

మొగ్గలు మాత్రం ఆగాయి. తోటలో మిగతావన్నీ పూసి రాలిపోతున్నా, ఆ వరుస ఊలు పట్టీల కింద లావెక్కుతూ, బిగువుగా నిలబడింది. డ్రైవరు పొద్దున పెట్టెలు ఎక్కించుకుంటూ వాటిని చూసి, "బావా, పెళ్ళయ్యాక నాకూ ఒక ఊలు చుట్టు చుట్టు. వయసు ఆగుతుందేమో," అన్నాడు. కుదురయ్య ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం చెల్లెలు బకెట్లలో నీళ్ళు నింపి పెట్టి, కత్తెర పట్టుకుని వచ్చింది. మొదటి పువ్వు ఊలు తనే విప్పింది. రెండోది విప్పింది. మూడోది విప్పకుండా, పువ్వును చేత్తో పట్టుకునే అన్నను చూసింది.

"మంచులో కట్టావా?"

కుదురయ్య వచ్చి చూశాడు. ఊలు ఉన్నచోట చుట్టూ టీ మరకలాంటి గోధుమ రంగు గీత. దానికింద బయటి రేకుల మీద మచ్చలు.

"తుడిచాను," అన్నాడు. "ఒక్కొక్కటీ తుడిచి కట్టాను."

"తుడిస్తే పైన పోతుంది."

"తెలుసు."

"తెలిసీ?"

తెలియక చేసినవాణ్ణి తిట్టవచ్చు, నేర్పవచ్చు. తెలిసీ ఆగలేనివాణ్ణి ఏం చేస్తారు? చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకున్నాడు, వాటికేమీ అంటకపోయినా. "మధ్యాహ్నందాకా ఆగలేకపోయాను. నీకిచ్చిన మాట... ఆ మాట పోతుందేమోనని."

వంటింటి కిటికీలోంచి భార్య అరిచింది. "ఏమైంది?"

"ఏం కాలేదు వదినా. ఒకసారి షెడ్డులోకి రా." చెల్లెలు ఆ పువ్వును తిప్పి తిప్పి చూసింది. మచ్చపడిన రేకును మొదట్లో వేలితో పట్టి, పక్కకు తోసి, ఊడదీసింది. దాని వెనక రేకు మీదా చిన్న మచ్చ. అదీ తీసింది. మూడో రేకు శుభ్రంగా ఉంది. "లోపలికి పోలేదు," అంది. "అన్నింటికీ ఇలాగే ఉందో లేదో తెలీదు. కొయ్యి. అన్నీ కొయ్యి."

పూలు సర్దే షెడ్డులో పొడుగాటి బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. కుదురయ్య నిలబడబోతే చెల్లెలు స్టూలు ఆయన మోకాళ్ళ వెనక్కి నెట్టింది. "నిలబడి చేసే పని కాదిది. రేకును కిందికి లాగితే పువ్వు మెడ విరుగుతుంది. మొదట్లో పట్టుకుని పక్కకి తొయ్యాలి. పక్కమొగ్గ గిల్లినట్టే. అది నీకు వచ్చిన పనే, కాస్త నెమ్మదిగా చెయ్యడం తప్ప."

మొదటి రెండూ ఆయన చేతిలో విరిగాయి. మూడోది నిలిచింది.

కొన్ని పూలకు రెండు రేకులు తీస్తే చాలింది, కొన్నింటికి అయిదారు. కొన్నింటికి గుండెదాకా కుళ్ళు పాకింది. అవి నేల మీద బుట్టలోకి వెళ్ళాయి. బుట్ట నిండుతున్నకొద్దీ కుదురయ్య దాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. భార్య కాలితో బుట్టను బల్ల కిందికి తోసేసింది.

"గుమ్మానికి చాలవు," అంది చెల్లెలు.

"చాలవు," అన్నాడు.

"గుమ్మానికి ఉత్త ఆకుల కొమ్మలు కడదాం. బల్లకు వస్తాయి. నాకు వస్తాయి."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అంది భార్య, మొగుడి వంక చూస్తూ.

"వదినా, కడుక్కుంటున్నాడుగా. కడుక్కోనీ."

ఎండ షెడ్డు గుమ్మం దాటి వెనక్కి వెళ్ళింది. కుదురయ్య అప్పటిదాకా అడగని మాట రేకుల వైపు చూస్తూనే అడిగాడు. "వచ్చే ఏడు ఈ వరుసకు నువ్వు వస్తావా?"

"ఈ వరుసకి వస్తాను. పూసిన వారం."

"మిగతా పనికి?"

ఆమె చేతిలో ఉన్న పువ్వు పూర్తిచేసి నీళ్ళలో పెట్టి, అప్పుడు చెప్పింది. "రానన్నయ్యా. ఆయనతో పాటు వ్యానులో తిరగాలనుంది. ఇన్నేళ్ళూ పెట్టెలు గేటు దాటడమే చూశాను. ఎక్కడికి పోతాయో, ఎవరు విప్పుతారో ఒక్కసారీ చూడలేదు."

"ఎవరు విప్పుతారో నేను మాత్రం ఆగి చూశానా?"

"నిన్ను రెండు గంటలు ఒకచోట కూర్చోపెట్టగలమా?"

భార్య ఫక్కున నవ్వింది. కుదురయ్య నవ్వలేదు గాని తర్వాతి పువ్వు అందుకున్నాడు. రేపటి నుంచి ఈ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో, వడగళ్ళు పడితే ఎవరు ఏరతారో ఆయనకు తెలియలేదు. లేచి ఒక్కసారి తోటలోకి పోయి రావాలనిపించింది. పోతే చేతిలో ఉన్నది పాడవుతుంది. కూర్చున్నాడు. రేకు మొదలు వేలికి దొరికేదాకా ఆగి, పక్కకు తోశాడు.

రేకులు ఊడదీసిన పూలు చిన్నవైపోయాయి. తోటలో ఉన్నప్పటి నిండుదనం లేదు. అయితే బయటి మొరటు రేకులు పోవడంతో అంచుల ఎరుపు పైకి తేలింది. కుదురయ్య వాటిలో మంచివి ఏరి, కాడలు సమం చేసి, ముళ్ళు గీకి, చెల్లెలి చేతిలోకి ఒక గుత్తి కట్టాడు. కట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. ఎటు తిప్పినా ఒక పువ్వు మనిషి వైపే చూస్తుంది. ఆమె అది తీసుకుని, మోచేతి వంపులో పెట్టుకుని చూసుకుంది.

"బరువు సరిపోయింది," అంది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు లేదు. మళ్ళీ ఆయనకే ఇచ్చేసింది, నీళ్ళలో పెట్టమని.

పొద్దు వాలుతుండగా వ్యాను వచ్చింది. డ్రైవరు జుట్టు కత్తిరించుకుని, కొత్త మనిషిలా సిగ్గుపడుతూ దిగాడు. బకెట్లు చూసి, ఇవేనా అన్నట్టు కళ్ళెత్తి, చెల్లెలి మొహం చూసి ఆ మాట మింగేశాడు.

"సగం పోయాయి," అన్నాడు కుదురయ్య. "నా తొందర వల్ల. మంచులో కట్టాను."

"ఉన్నవి బావున్నాయి బావా."

"బావున్నాయి. మలుపుల్లో నెమ్మదిగా పోనియ్యి. అద్దాలు ఎత్తి పెట్టు, గాలి తగిలితే రేకులు వడిలిపోతాయి. హాల్లో కిటికీ దగ్గర పెట్టనీయకు. నీళ్ళు సగానికి తగ్గితే పొయ్యి, అంచుదాకా పొయ్యకు."

"సరే."

"మెడలు పట్టుకుని ఎత్తకూడదు. బకెట్టుతోనే ఎత్తు."

"సరే బావా."

ఆకుల కొమ్మలు ముందు ఎక్కాయి, బల్ల పూలు తర్వాత. ఆఖరుకి గుత్తి ఉన్న బకెట్టు మిగిలింది. దాన్ని కుదురయ్య రెండు చేతులతో ఎత్తి, వ్యాను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, లోపల నిలబడ్డ డ్రైవరుకు అందించాడు. నీళ్ళు అంచుదాకా ఊగి, చిందకుండా సర్దుకున్నాయి.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

కుదురయ్య పిడి వదిలాడు. డ్రైవరు బకెట్టును సీటు వెనక తాడుతో బిగించి, ఒకసారి ఊపి చూసి, దిగి తలుపు మూశాడు.